రైల్స్ ట్యూబ్ నుంచి చోడి అంబలి దాకా: పక్షవాతం వచ్చినవాళ్ళకి మళ్ళీ మింగడం నేర్పించేదెలా

అన్నం తింటుంటే పొలమారితే మన ఇళ్ళల్లో నెత్తిన రెండు దెబ్బలు తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్లే" అని నవ్వేస్తాం. మా నాన్నకి స్ట్రోక్ వచ్చాక నాకు తెలిసొచ్చిందేమిటంటే, పొలమారిందంటే గొంతు ఇంకా కాపలా కాస్తోందని అర్థం. పొలమారాల్సిన చోట పొలమారకపోతేనే అసలు భయపడాలి. ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే మేం రెండోసారి ఆసుపత్రిలో చేరే అవసరం వచ్చేది కాదు. ముక్కులో పైపుతో మనిషిని ఇంటికి తెచ్చుకుని, ఇప్పుడేం చేయాలో తెలియక కూర్చున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, నర్సునీ కాదు, నాలుగు నెలలు చెంచా పట్టుకుని కూర్చున్న కూతుర్ని.

నాన్నకి 71 ఏళ్ళు, స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు, ఇల్లు గాజువాకలో. శివరాత్రి వెళ్ళిన వారానికి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి, మూతి వంకరపోయింది. 12 రోజులు ఆసుపత్రిలో ఉంచి, ముక్కులోంచి పొట్టలోకి దింపిన రైల్స్ ట్యూబ్‌తో ఇంటికి పంపారు. డిశ్చార్జి రోజు సిరంజితో పాలు, జావ ఎలా పొయ్యాలో నర్సు చూపించింది. "మళ్ళీ నోటితో ఎప్పుడు తింటారు?" అని అడిగితే "చూద్దామమ్మా, టైం పడుతుంది" అన్నారు. అంతే. మింగడం నేర్పడానికి విడిగా మనుషులు ఉంటారని, అది కూడా ఫిజియోథెరపీ లాంటిదేనని ఎవరూ అనలేదు. కాళ్ళకీ చేతులకీ ఫిజియో అబ్బాయి రోజూ ఇంటికొచ్చేవాడు, గొంతు సంగతి మాత్రం దేవుడికి వదిలేశాం. అలా మూడు వారాలు పోయాయి.

ముందు మీ గొంతు మీద మీరే రెండు వేళ్ళు పెట్టుకుని ఒక గుటక వెయ్యండి. ముందుకు పొడుచుకొచ్చిన ఆ గట్టి బుడిపె పైకి లేచి, ముందుకు జరిగి, మళ్ళీ దిగుతుంది కదా. ఆ సెకను కాలంలో ఊపిరి ఆగుతుంది, గాలి గొట్టం మూత పడుతుంది, అన్నవాహిక తలుపు తెరుచుకుంటుంది. స్ట్రోక్‌లో గొంతు కండరాలకి దెబ్బ తగలదు, వాటికి ఆజ్ఞలిచ్చే మెదడుకి తగులుతుంది, కాబట్టి బుడిపె ఆలస్యంగానో సగమో లేస్తుంది, ఆలోపే ముద్ద జారిపోతుంది. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో దాదాపు సగం మందికి మొదటి రోజుల్లో మింగడంలో ఏదో ఒక తేడా ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లోనే సర్దుకుంటుంది, కొందరికి నెలలు పడుతుంది. మింగే పనికి మెదడు రెండు వైపులా కేంద్రాలుంటాయి, ఒక వైపు దెబ్బతింటే రెండో వైపు మెల్లగా ఆ పని అందుకుంటుంది. అయితే ఊరికే కూర్చుంటే అందుకోదు, గుటక వేయిస్తూ ఉంటేనే అందుకుంటుంది. నాలుగు నెలల్లో మేం చేసిందల్లా ఆ గుటకలు పెంచడమే, కాకపోతే ఊపిరితిత్తుల్లోకి ఏమీ పోకుండా పెంచాలి, అక్కడే ఉంది కష్టమంతా.

మీరు వెతకాల్సింది స్పీచ్ థెరపిస్ట్‌ని. పేరు చూసి మాటలు నేర్పేవాళ్ళు అనుకుంటాం, నేనూ అలాగే అనుకుని "నాన్నకి మాట వస్తోంది కదా, ఎందుకు" అన్నాను. మింగడం చూసేది కూడా వాళ్ళే. విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో గానీ, వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రిలో గానీ, మీరు చూపించుకుంటున్న ప్రైవేటు న్యూరో డాక్టర్ దగ్గర గానీ "స్వాలో అసెస్‌మెంట్ చేసేవాళ్ళు ఎవరున్నారు" అని సూటిగా అడగండి, చీటీ మీద రాయించుకోండి. మంచం దగ్గర చెంచాతో చేసే పరీక్ష ఒకటి ఉంటుంది. అందులో అనుమానం తేలకపోతే ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి, రంగు కలిపిన జావ మింగించి చూసే ఫీస్ అనే పరీక్ష, లేదా బేరియం కలిపిన పదార్థం మింగిస్తూ ఎక్స్‌రేలో వీడియో తీసే పరీక్ష చేస్తారు. దగ్గు రాకుండా లోపలికి జారిపోయే రకాన్ని పట్టుకోవాలంటే ఈ రెండింటిలో ఒకటి కావాల్సిందే. బయటి నుంచి ఎంత అనుభవం ఉన్న మనిషి చూసినా అది తప్పించుకోగలదు.

మాకు ఆ జ్ఞానం ఎలా వచ్చిందో చెప్తాను. మా మేనత్త ఒక గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళి, అక్కడి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. తమ్ముడు నెల రోజులుగా నోట్లో మంచినీళ్ళు కూడా పడకుండా ఉన్నాడని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను వంటింట్లో ఉండగా మూడు ఉద్ధరిణెలు తీర్థం నోట్లో పోసింది. నాన్న మింగినట్టే కనిపించారు, ఒక్క దగ్గు కూడా రాలేదు. అత్త సంతోషంగా "చూశావా, చక్కగా తాగాడు, మీరే అనవసరంగా భయపడుతున్నారు" అంది. నేనూ మెత్తబడ్డాను. ఆ సాయంత్రం, మర్నాడు కూడా రెండేసి చెంచాల నీళ్ళు నేనే పోశాను. మూడో రోజు సాయంత్రానికి జ్వరం, ఊపిరి వేగం పెరిగింది, ఛాతీలో గురగుర. న్యుమోనియా. అత్తని అనడానికి నాకు నోరు లేదు, తర్వాతి చెంచాలు నావే కదా.

అందరికంటే ముందు ఇవ్వాలనిపించేది నీళ్ళే, అందరికంటే చివర ఇవ్వాల్సినవీ నీళ్ళే. పల్చటిది ఏదైనా నాలుక మీద నిలవదు, గొంతు సిద్ధం కాకముందే జారిపోతుంది. కొబ్బరినీళ్ళు, మజ్జిగ, టీ, పాలు అన్నీ ఇదే జాతి. ఐస్‌క్రీమ్ చిక్కగానే కనిపిస్తుంది గానీ నోట్లో పడ్డాక నీళ్ళే.

చెంచా మొదలుపెట్టే లోపు చేయాల్సిన పని ఒకటుంది, అది నోరు కడగడం. నోటితో ఏమీ తినట్లేదు కదా, ఇంక కడిగేదేముందని మేం రోజుకోసారి తడిగుడ్డతో తుడిచి ఊరుకునేవాళ్ళం. తినని నోరే ఎక్కువ పాడవుతుంది. లాలాజలం కదలక నాలుక మీద తెల్లగా మందంగా పేరుకుంటుంది, అంగిలికి ఎండిన కళ్ళె పొరలు కడుతుంది, అందులో పెరిగిన క్రిములే ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. పైపు ఉంది కాబట్టి ఏమీ కాదనుకోవద్దు, ట్యూబ్ పొట్టలోకి ఆహారాన్ని పంపుతుంది గానీ ఉమ్మి దారిని ఆపలేదు. మా పద్ధతి ఇది: రోజుకి మూడుసార్లు, మనిషిని నిటారుగా కూర్చోబెట్టి, తల కొంచెం ముందుకి, బాగున్న వైపుకి వంచి, చిన్నపిల్లల మెత్తటి బ్రష్‌ని తడిపి గట్టిగా విదిలించి పళ్ళు, నాలుక, బుగ్గల లోపలివైపు తోమడం. నురగ వచ్చే పేస్టు వద్దు. డాక్టర్ రాసిన క్లోర్‌హెక్సిడిన్ మందులో గాజుగుడ్డ ముంచి, పిండి, తుడవడం. పుక్కిలించమని నీళ్ళు నోట్లో పోయకండి. పడిపోయిన వైపు బుగ్గ సందులో ఏముందో వేలికి గుడ్డ చుట్టుకుని చూడండి, మనిషికి ఆ వైపు స్పర్శే తెలియదు కాబట్టి అక్కడ ఏదున్నా చెప్పలేరు. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీసేయాలి. చెప్తే నమ్మరు గానీ, ఇలా తోమడం వల్లే నాన్నకి మొదటి గుటకలు వచ్చాయి. బ్రష్ నాలుక వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఉమ్మి ఊరి, బుడిపె లేచేది.

ట్యూబ్ సంగతి మీకు ఆసుపత్రిలో చూపించే ఉంటారు కాబట్టి పొడిగించను. పోసేటప్పుడు తల వైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీల ఎత్తు, పోశాక గంట దాకా పడుకోబెట్టొద్దు. సిరంజి పిస్టన్ తీసేసి, పైకెత్తి పట్టుకుని దానంతట అది దిగనివ్వాలి, తోయకూడదు. ముక్కు దగ్గర పైపు మీద పెన్నుతో గీసిన గుర్తు బయటికొచ్చినట్టు కనిపిస్తే చుక్క కూడా పోయకుండా నర్సుని పిలవాలి. ఊడిపోతే ఇంట్లో ఎవరూ మళ్ళీ పెట్టే ప్రయత్నం చేయొద్దు. నాన్న రెండుసార్లు రాత్రిపూట పీకేసుకున్నారు, మూడోసారి కాకుండా కుడి చేతికి మెత్తటి గ్లోవ్ తొడిగాం, చూడ్డానికి బాధగా ఉండేది గానీ తప్పలేదు.

ఇంక వ్యాయామాలు. ట్యూబ్ ఉండగానే మొదలుపెట్టొచ్చు, పెట్టాలి కూడా. రెండోసారి డిశ్చార్జి అయ్యాక మాకు దొరికిన థెరపిస్ట్ అమ్మాయి వచ్చిన మొదటి రోజు తిండి ఊసే ఎత్తలేదు. నాన్న గొంతు మీద వేళ్ళు పెట్టి, వాచీ చూస్తూ ఐదు నిమిషాల్లో ఎన్ని గుటకలు వేస్తున్నారో లెక్కపెట్టింది. రెండే. మిగతా ఉమ్మంతా మూతి చివర నుంచి చొంగలా తువ్వాలు మీదికి కారిపోతోంది. "అంకుల్, ఈ తువ్వాలు తడవకుండా ఉండాలి, ఈ వారం అదే మన పని" అంది. నాకు నిరాశగా అనిపించింది, నేను జావ గిన్నె పట్టుకుని కూర్చున్నాను మరి. కానీ ఆలోచిస్తే ఉమ్మి మింగలేని మనిషికి అంబలి ఎలా పెడతాం.

ఆమె చేయించినవి: పెదాలు గట్టిగా మూసి బుగ్గల్లో గాలి నింపి పట్టడం. నాలుకని బయటికి, పైకి, రెండు బుగ్గల్లోకి తోయడం, చెంచా వెనకవైపు అడ్డం పెట్టి దాన్ని నాలుకతో నెట్టడం. "కా, కా, గా, గా" అని గట్టిగా అనిపించడం, దాంతో నాలుక మొదలు లేస్తుంది. "ఈఁ" అని సన్నటి గొంతుకి పోయేదాకా సాగదీయించడం, అప్పుడు బుడిపె పైకి లేస్తుంది. పెద్ద మాత్ర మింగుతున్నట్టు ఊహించుకుని బలమంతా పెట్టి ఉమ్మి మింగడం. గడ్డం కింద చిన్న రబ్బరు బంతి పెట్టి గడ్డంతో నొక్కిపట్టడం, ఇది గొంతుని పైకి లాగే కండరాల కోసం. పుస్తకాల లెక్కలో నిమిషం పాటు నొక్కి మూడుసార్లు చేయాలట, నాన్నకి మొదటి వారం 5 సెకన్లే గొప్ప. జగదాంబ దగ్గర కొన్న బంతి పెద్దదైపోయింది, చివరికి చుట్టిన చేతిరుమాలుతో కానిచ్చాం. వెల్లకిలా పడుకుని తల మాత్రం ఎత్తి కాలి వేళ్ళు చూసే షేకర్ వ్యాయామం చాలా పేరున్నదే గానీ, మెడ నొప్పి, బీపీ ఉన్నవాళ్ళకి, పైగా ట్యూబ్‌లో పోసిన వెంటనే అస్సలు పనికిరాదు.

ఇక్కడ ఒక మాట. యూట్యూబ్‌లో చూసి ఊపిరి బిగబట్టి మింగి దగ్గే పద్ధతులు చేయించకండి, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి అవి ప్రమాదం. నాలుక కొసని పళ్ళ మధ్య పట్టుకుని మింగేది ఇంకొకటుంది, అది ఉత్త ఉమ్మితోనే చేయాలి, నోట్లో ఆహారం ఉండగా చేస్తే పొలమారుతుంది. గొంతు మీద పట్టీలు అంటించి కరెంటు ఇచ్చే మిషన్ గురించి కూడా మీకు చెప్తారు, డబ్బులుంటే వ్యాయామానికి తోడుగా పెట్టించుకోండి, వ్యాయామం మానేసి దాని మీద ఆధారపడితే మాత్రం మిషన్‌వాడికే లాభం.

ఎంతసేపు చేయించాలంటే, ఒకేసారి గంట కాదు. 10 నిమిషాల చొప్పున రోజుకి ఐదారుసార్లు. నాన్నకి పొద్దున్న స్నానం అయ్యాక ఓపిక బాగుండేది, మధ్యాహ్నం ఎండకీ ఉక్కకీ వాడిపోయేవారు, అప్పుడు చేయిస్తే గుటక బదులు విసుగే వచ్చేది. అలసిన గొంతుతో మింగించడం కంటే మానుకోవడం నయం.

పది రోజులకి తువ్వాలు పొడిగా ఉండటం మొదలైంది. ఐదు నిమిషాలకి ఏడెనిమిది గుటకలు. అప్పుడు ఫీస్ పరీక్ష చేయించాం. తెర మీద నీళ్ళు జారిపోవడం నేను కళ్ళారా చూశాను, నాన్న మొహంలో ఏ మార్పూ లేదు. అదే చిక్కటి పదార్థం అర చెంచా ఇస్తే, ఆలస్యంగానైనా, సరైన దారిలోనే దిగింది. మిగిలిపోయిన కాస్త రెండో గుటకకి పోయింది. ఆ రోజు మాకు చెంచాకి అనుమతి దొరికింది.

మొదటి పదార్థంగా మా ఇంట్లో చోడి అంబలి అనుకున్నాం, రాగి జావే, మా వైపు చోళ్ళంటాం. చిక్కదనం కంటితో చూసి సరిపోయిందనుకుంటే కుదరదు. చెంచాలో తీసి పక్కకి వంచితే మొత్తం ఒకే ముద్దగా జారాలి, చెంచాకి బంకలా అంటుకోకూడదు, చుక్కలుగా కారకూడదు. కొంచెం పల్చటివాటికి ఇంకో కొలత ఉంది: సూది, పిస్టన్ తీసేసిన 10 ఎంఎల్ సిరంజి నింపి, కింద వేలు అడ్డం పెట్టి, 10 సెకన్లు వదిలి మళ్ళీ మూయండి. లోపల 4 నుంచి 8 ఎంఎల్ మిగిలితే కొద్దిగా చిక్కన, 8 దాటితే ఓ మోస్తరు చిక్కన, ఒక్క చుక్కా దిగకపోతే చెంచాతోనే తినిపించాల్సిన రకం. ఐడీడీఎస్ఐ అని 0 నుంచి 7 దాకా అంతర్జాతీయంగా వాడే మెట్లున్నాయి, మీ థెరపిస్ట్ ఏ మెట్టు చెప్తే ఆ మెట్టే. సిరంజిల పొడవులు కంపెనీని బట్టి మారతాయి, వాళ్ళు ఇచ్చిందే వాడండి.

అంబలితో ఒక తిరకాసు ఉంది. వేడిగా పల్చగా ఉన్నది చల్లారితే గట్టిపడుతుంది, కాబట్టి తినిపించే వేడిలోనే కొలవాలి. ఇంకోటి నేను రెండు రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్న సంగతి: మొదటి చెంచాలు చక్కగా ఉండేవి, గిన్నె సగమయ్యేసరికి జావ నీళ్ళు నీళ్ళుగా అయిపోయేది. ఎవరైనా నీళ్ళు కలుపుతున్నారా అని అమ్మని కూడా అడిగాను. నోట్లోంచి వచ్చిన ఎంగిలి చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టడమే కారణం. ఉమ్మిలోని రసం పిండిపదార్థాన్ని కరిగించేస్తుంది. అప్పటి నుంచి నాలుగు చిన్న గిన్నెల్లోకి విడగొట్టి, గిన్నెకో చెంచా పెట్టాను. కార్న్‌ఫ్లోర్ కాచి చిక్కబరిచినా ఇదే గొడవ. కేజీహెచ్ డౌన్‌లో మందుల షాపుల్లో అడిగి చూడండి, చిక్కబరిచే పొడుల్లో శాంథన్ గమ్ రకం అయితే ఉమ్మికి కరగదు, ఖరీదే కానీ నీళ్ళకి, మందులకి అదే మంచిది.

తినిపించేటప్పుడు మంచం మీద దిండ్లకి ఆనించి కాదు, కుర్చీలో. పాదాలు నేలకి ఆనాలి, పడిపోయిన చెయ్యి కింద దిండు, తల వెనక్కి వాలకూడదు, గడ్డం కొంచెం ఛాతీ వైపుకి. మీరు నిలబడి పెడితే వాళ్ళు తల పైకెత్తి చూస్తారు, గాలి గొట్టం తెరుచుకుంటుంది, అందుకని మీరూ ఎదురుగా, వాళ్ళ కంటి ఎత్తుకి కొంచెం కిందగా కూర్చోండి. నాన్నకి మింగే ముందు తలని ఎడమ వైపుకి, అంటే పడిపోయిన వైపుకి తిప్పమన్నారు, అలా తిప్పితే బలం లేని వైపు మూసుకుని ముద్ద బాగున్న వైపు నుంచి దిగుతుంది. ఇది అందరికీ కాదు, పరీక్ష చూసి చెప్పాల్సింది. టీవీ కట్టేయాలి. "బాగుందా నాన్నా?" అని అడగొద్దు, నోట్లో ముద్దతో జవాబు చెప్పబోతారు. ఇది నాకు అలవాటు కావడానికి వారం పట్టింది.

అర చెంచా నాలుక మధ్యలో, బాగున్న వైపుకి పెట్టి, చెంచాతో నాలుకని కాస్త కిందికి నొక్కి తీయండి. పెదాలు మూయమనండి. బుడిపె లేచిందా చూడండి. ఇంకోసారి ఉత్త గుటక వేయించండి. ఇప్పుడు "ఆఁ" అనమనండి. గొంతు శుభ్రంగా పలికితే రెండో చెంచా. నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు గరగరమంటే దగ్గించి, మళ్ళీ మింగించి, అప్పటికీ అలాగే ఉంటే ఆ పూటకి గిన్నె పక్కన పెట్టేయండి. కళ్ళలో నీళ్ళు తిరగడం, ఊపిరి ఆయాసం, ముక్కులోంచి జావ రావడం, మొహం రంగు మారడం, వీటిలో ఏది కనిపించినా అంతే. ఆ సాయంత్రం, మర్నాడు జ్వరం చూడండి, కళ్ళె రంగు చూడండి. నిజంగా ఊపిరాడకుండా అడ్డం పడితే నీళ్ళు పోయొద్దు, ముందుకు వంచి భుజాల మధ్య అరచేత్తో గట్టిగా కొడుతూ 108కి ఫోన్ చేయించండి. అయిపోయాక నోరు మళ్ళీ తుడిచి, అరగంట నుంచి గంట దాకా కూర్చోబెట్టే ఉంచాలి.

మొదటి రోజు ఐదు అర చెంచాలు. చెంచా నోట్లో పెట్టగానే నాన్న కళ్ళు మూసుకున్నారు. చిటికెడు అనకాపల్లి బెల్లం వేశాను అందులో. మింగి, "ఆఁ" అనకుండా, "ఏటమ్మా, ఉప్పెయ్యలేదేటి?" అన్నారు, ముద్దముద్దగా. అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంబలి దాటాక మాకు ఒప్పిన వరస: గడ్డ పెరుగు నీరు తీసేసి చిలికింది, తాలింపు లేని ముద్దపప్పు మిక్సీలో వేసి జల్లించింది, ఉడికిన గుమ్మడి, ఆనపకాయ గుజ్జు, మెత్తగా పండిన బొప్పాయి జల్లెడ పట్టింది, ఆ తర్వాత ఇడ్లీ పాలల్లో నానబెట్టి పూర్తిగా ఒకటయ్యేలా మెదిపింది. ఇంకా వెనక గానీ కోనాం చేప, ముల్లు లేకుండా ఉడికించి గుజ్జు చేసింది, రాలేదు. ఒకే ముద్దలో గట్టిదీ నీళ్ళదీ కలిసి ఉన్నవి అన్నిటికంటే కష్టం, మన తిండిలో సగం అవే. సాంబారన్నం, మజ్జిగన్నం, రసంలో ఇడ్లీ ముక్క. నీళ్ళు ముందు జారిపోతాయి, మెతుకు మిగిలిపోతుంది. పులిహోరలో పల్లీ, ఉప్మాలో ఆవగింజ, కరివేపాకు, కొబ్బరి పచ్చడి పిప్పి, పిండివంటల పొడి, అటుకులు, ఇవన్నీ చాలా కాలం దూరం. చూడ్డానికి వచ్చిన బంధువు ఒకాయన మాడుగుల హల్వా తెచ్చి "ఇది మెత్తగానే ఉంటుంది కదా" అన్నాడు. మెత్తనిదే గానీ సాగుతుంది, అంగిలికి అతుక్కుంటుంది. సింహాచలం నుంచి అప్పన్న ప్రసాదం వచ్చినప్పుడు కళ్ళకద్దించి పక్కన పెట్టేదాన్ని. తీర్థం దెబ్బ తర్వాత తలుపుకి కాగితం అంటించాను: "నోట్లో ఏదీ పెట్టవద్దు, నన్ను అడగండి." కొందరు నొచ్చుకున్నారు.

నోటితో తింటున్నారని ట్యూబ్‌లో పోసేది తగ్గించాలని తొందర పడతాం. మొదటి రెండు వారాలు చెంచా ఆకలి తీర్చడానికి కాదు, సాధన కోసం. నీళ్ళు, మాత్రలు, అసలు బలం ట్యూబ్‌లోంచే. తర్వాత ఒక పూట పూర్తిగా నోటితో అయితే ఆ పూట ట్యూబ్ ఫీడ్ ఆపడం, ఆ తర్వాత ఇంకో పూట, అలా. నోటి తిండికి గంటన్నర ముందు ట్యూబ్‌లో ఏమీ పోయకపోతే ఆకలి ఉంటుంది, ఆకలి ఉంటేనే గుటక బాగుంటుంది. నేనొక నోట్‌బుక్ పెట్టుకున్నాను: ఏ పూట ఎన్ని చెంచాలు, ఎంతసేపు, ఎన్నిసార్లు దగ్గారు, సాయంత్రం జ్వరమెంత, మూత్రం రంగు, ఆదివారం బరువు. చిక్కటివి మాత్రమే తాగేవాళ్ళు తెలియకుండానే నీళ్ళు తక్కువ తాగుతారు, వైజాగ్ ఉక్కలో అది మూత్రం రంగులో మర్నాడే కనిపిస్తుంది. మా థెరపిస్ట్ పెట్టిన లెక్క ఏమిటంటే వరుసగా మూడు రోజులు అవసరమైన దాంట్లో ముప్పావు వంతు పైగా నోటితో దిగాలి, ఒక్క పూట అరగంట దాటకూడదు, ఛాతీ శుభ్రంగా ఉండాలి, అప్పుడే ట్యూబ్ తీయడం గురించి మాట. మాకది పదమూడో వారంలో కుదిరింది.

అందరికీ అంత తొందరగా కుదరదు. నాలుగు వారాలు దాటినా మింగడం దగ్గరలో కనిపించకపోతే పొట్ట దగ్గర పెట్టే పెగ్ ట్యూబ్ గురించి డాక్టర్లు అడుగుతారు. ఆ మాట వినగానే "ఇంక అయిపోయింది" అని ఏడ్చేవాళ్ళని వార్డులో చూశాను. పెగ్ పెట్టినా మింగే సాధన ఆగదు, పైగా ముక్కు, గొంతు ఖాళీ అయి సులువవుతుంది, వద్దనుకున్న రోజు తీసేయొచ్చు. నన్నడిగితే, ముక్కు పైపు పీకేసుకుంటూ మాటిమాటికీ పెట్టించుకునే మనిషికి అదే మేలు.

మాత్రల విషయం ట్యూబ్ తీసేముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి. అన్ని మాత్రలూ పొడి చేయకూడదు. ఎస్ఆర్, ఎక్స్ఎల్ అని రాసినవి, పేగులో కరిగేలా పైపూత ఉన్నవి పొడి చేస్తే మందు ఒక్కసారిగా వదిలేస్తుంది లేదా పాడవుతుంది. నాన్న బీపీ మాత్ర మార్పించాం. మిగతావి చెంచాడు పెరుగులో పెట్టి ఒక్కొక్కటిగా.

నీళ్ళు చివరగా వచ్చాయి. ట్యూబ్ తీసిన ఐదు వారాలకి మళ్ళీ పరీక్ష చేసి, నోరు శుభ్రంగా తోమాక, గడ్డం దించి, చెంచాతో మామూలు నీళ్ళు ఇవ్వమన్నారు. ఇప్పటికీ గ్లాసెత్తి గటగటా తాగడం లేదు. గ్లాసు అంచు పైకి వెళ్ళేకొద్దీ తల వెనక్కి వాలుతుంది కాబట్టి ఒక స్టీలు గ్లాసుకి ముక్కు ఆనే వైపు అంచు కోయించి, అరగదీయించి, నునుపు చేయించాను, తల ఎత్తకుండానే అడుగు దాకా తాగొచ్చు. పూర్ణా మార్కెట్‌లో గిన్నెలకి మాట్లు వేసే ఆయన ఎందుకని అడిగి, చెప్తే డబ్బులు తీసుకోలేదు. నాన్న మాత్రం ఆ గ్లాసుని ఇంకా అనుమానంగానే చూస్తారు, కొత్త గ్లాసుని చెడగొట్టానని.